చూచిరాతే రాత అయితే మా పిల్లలు తమ మాట ఎక్కడ రాయాలి సార్?

విద్యాశాఖ ఉన్నతాధికారి గారికి,

నమస్కారం సార్. ఇది నేను రాస్తున్న నాలుగో ఉత్తరం. ముందు రాసిన మూడూ కాగితం మీద, సంతకం పెట్టి, ఇన్‌వార్డ్ నంబర్ వేయించుకుని ఇచ్చినవే. మొదటిది 2024 ఫిబ్రవరిలో, రెండోది ఆగస్టులో, మూడోది 2025 జనవరిలో. ఒక్కదానికీ జవాబు రాలేదు. "అందింది" అన్న ఒక్క ముక్క వచ్చినా ఇలా అందరి ముందూ రాసేదాన్ని కాదు. నేను పాలమూరు వైపు ఒక ప్రాథమిక పాఠశాలలో ఎస్జీటీని, అంటే సెకండరీ గ్రేడ్ టీచర్‌ని. ముగ్గురు టీచర్లం, ఐదు తరగతులు, నలభై ఏడు మంది పిల్లలు. సగం మంది ఊళ్లో పిల్లలు, సగం మంది తండా పిల్లలు. నేను అడుగుతున్నది జీతం గురించి కాదు, బదిలీ గురించి కాదు, గదుల గురించి కూడా కాదు. పిల్లలకి రాయడం నేర్పడానికి ఒక పద్ధతి పెట్టుకుని నడుపుకుంటాం, దాన్ని గుర్తించండి, మధ్యలో ఆపకండి అని అడుగుతున్నాను. ఇంత చిన్న విషయానికి మూడు అర్జీలు ఎందుకు పట్టాయో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ప్రాథమిక బడుల్లో చదవడం, లెక్కలు గట్టిపరిచే తొలిమెట్టు కార్యక్రమం గురించి మీకు నేను చెప్పేదేముంది. 2022 ఆగస్టు నుంచి నడుస్తోంది, దాని వల్ల మా బడిలో మేలు జరిగిందని కూడా ఒప్పుకుంటాను. మూడో తరగతికి వచ్చినా పేరు చదవలేని పిల్లలు ఇప్పుడు వాక్యం చదువుతున్నారు. కానీ చదవడం, లెక్కలు, ఈ రెండే చుట్టూ తిరుగుతున్నాం సార్. కేంద్రం పెట్టిన నిపుణ్ భారత్ పథకం పూర్తి పేరులోనే అర్థం చేసుకుంటూ చదవడం ఉంది, సంఖ్యా జ్ఞానం ఉంది, రాయడం అనే మాట లేదు. మూడో తరగతి పిల్లవాడు నిమిషానికి 60 పదాలు చదవాలని లక్ష్యం పెట్టారు, సంతోషం. అదే పిల్లవాడు ఇంట్లో జరిగిన ఒక సంగతిని ఐదు వాక్యాల్లో తనంతట తాను రాయగలడా అని మమ్మల్ని ఎప్పుడైనా ఎవరైనా అడిగారా? పిల్లల చదువు ఎంతవరకు వచ్చిందో చూసే అసర్ సర్వే వాళ్లు వస్తే చదివిస్తారు, భాగహారం చేయిస్తారు. 2024 డిసెంబర్ 4న జరిగిన కేంద్రం వాళ్ల పరఖ్ సర్వేలో మూడో తరగతి పిల్లలకి ఇచ్చినవి సరైన జవాబు గుర్తించే ప్రశ్నలు. ఎవరు కొలిచినా ఆ రెండే కొలుస్తారు, కొలిచేదే మేం నేర్పుతాం, మండల సమావేశంలో మమ్మల్ని అడిగేదీ అదే.

పాఠ్యపుస్తకంలో లేదా అంటే ఉంది. ప్రతి పాఠం వెనక స్వీయరచన ఉంది, సృజనాత్మకత ఉంది. ఆ పుస్తకాలు రాసినవాళ్లు మంచి ఉద్దేశంతోనే పెట్టారు. కానీ బడిలో జరిగేది ఏంటో మీకూ తెలుసు, నాకూ తెలుసు. ఆ ప్రశ్నకి జవాబు టీచర్ బోర్డు మీద రాస్తుంది, పిల్లలు దించుకుంటారు. కొంచెం పెద్ద ఊళ్లో అయితే గైడ్ చూసి రాస్తారు. సృజనాత్మకత కింద రాసిన కవిత తరగతిలో ముప్పై మందికీ ఒకటే ఉంటుంది, కామాతో సహా. ఏడాది మధ్యలో పెట్టే ఎఫ్ఏ పరీక్షలప్పుడు రాత పనులకి మార్కులు వేయాలి కాబట్టి ఆ నోటు పుస్తకాలు తీసి మార్కులు వేసేస్తాం. ఇది వేరే వాళ్ల మీద చెప్పడం లేదు, నేను చాలా ఏళ్లు ఇదే చేశాను. 2002 డీఎస్సీలో వచ్చాను. బడుల్లో చదువు బాగుచేయడానికి వచ్చిన కార్యక్రమాలన్నీ చూశాను. డీపెప్ చివరి రోజులు చూశాను, క్లిప్ చూశాను, క్లాప్స్ చూశాను, త్రీ ఆర్స్ చూశాను, ఏబీసీ చూశాను, ఇప్పుడు తొలిమెట్టు చూస్తున్నాను. ప్రతిదాంట్లో రాయడం అంటే అక్షరాలు, గుణింతాలు, ఒత్తులు, చూచిరాత, ఉక్తలేఖనం అంటే టీచర్ చెప్తే రాయడం. అంతవరకే వచ్చి ఆగిపోయింది. ఆ తర్వాతి మెట్టు మాకు ఎవరూ చూపించలేదు.

అందుకే 2023 జూన్‌లో బడి తెరిచినప్పుడు మేం ముగ్గురం కూర్చున్నాం. మా హెడ్మాస్టర్ సార్‌ది ఈ ఆలోచన, నాది కాదు, ఆయన పుణ్యం ఆయనకే దక్కాలి. ఆయన చేసిన మొదటి పని ఏంటంటే, ఒకటి నుంచి ఐదు దాకా పిల్లలందరికీ ఒక తెల్లకాగితం ఇచ్చి "నిన్న సాయంత్రం ఇంటికి పోయినంక ఏం చేసినవో రాయి" అన్నారు. బోర్డు మీద ఏమీ రాయలేదు. అరగంట తర్వాత కాగితాలన్నీ వరండాలో నేల మీద పరిచాం. ఐదో తరగతిలో తొమ్మిది మందికి ఆరుగురు ఒకటే వాక్యం రాశారు, "నేను ఉదయమే నిద్ర లేచి పళ్ళు తోముకుంటాను" అని. సాయంత్రం గురించి అడిగితే ఉదయం గురించి రాశారు, ఎందుకంటే అది వాళ్లకి వచ్చిన పాఠం. ఇద్దరు తమ పేరు, బడి పేరు, తేదీ అందంగా రాసి ఆపేశారు. ఐదేళ్లు మా దగ్గర చదివిన పిల్లలు సార్. మా మీద మాకే సిగ్గేసింది.

ఆ తర్వాత నెల రోజులు ఏ పద్ధతి పెట్టుకోవాలా అని చూశాం. వర్క్‌బుక్కుల్లోనే చేయిద్దామా అనుకున్నాం. కానీ నేను ఒక పాఠం తీసుకుని లెక్కపెట్టాను, ఖాళీలు, జతపరచడాలు అన్నీ కలిపి పిల్లవాడు రెండు పేజీల్లో సొంతంగా రాసేది పదకొండు మాటలు. ఒక సంస్థ వాళ్ల కార్డులు దొరికాయి. బాగున్నాయి, బొమ్మలు కూడా బాగున్నాయి, కానీ ఒక్కో పిల్లవాడి పక్కన టీచర్ పావుగంట కూర్చుంటేగానీ నడవవు. ఒకే గదిలో రెండు తరగతులు పెట్టుకున్న మాకు అది కుదిరే పని కాదు. చివరికి మేమే తయారు చేసుకున్నాం. ఎంచుకునేటప్పుడు మేం పెట్టుకున్న షరతు ఒక్కటే. ఒకటో తరగతిలో మొదలైంది ఐదో తరగతి దాకా అదే పద్ధతిగా, అవే మాటలతో నడవాలి. ఒక టీచర్ తప్పుల కింద గీత గీస్తే, ఇంకొకరు సున్నా చుడితే, మూడోవారు కొట్టేసి పైన రాస్తే పిల్లలు ఏటేటా కొత్తగా భయపడడమే నేర్చుకుంటారు.

ఎలా నడిచిందో కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే మూడు అర్జీలతో పాటు జతపరిచిన పద్నాలుగు పేజీలు మీ దాకా వచ్చాయో లేదో నాకు నమ్మకం లేదు. రోజూ అన్నం తిన్న తర్వాత ఇరవై ఐదు నిమిషాలు బడి మొత్తం రాస్తుంది. టీచర్లు కూడా రాస్తారు. సోమవారం మాట్లాడుకోవడం, బొమ్మ గీయడం. మంగళ, బుధవారాలు రాయడం. గురువారం పక్కవాళ్లకి చదివి వినిపించడం, విన్నవాళ్లు ఒక ప్రశ్న అడగాలి, ఆ జవాబు రాసినవాళ్లు తమ రాతలో కలపాలి. శుక్రవారం ఒక్క రకం తప్పు మాత్రమే సరిచేసుకోవడం, శనివారం గోడపత్రిక. ఒకటో తరగతి పిల్లలు బొమ్మ గీసి చెప్తే వాళ్ల మాటనే టీచర్ కింద రాస్తుంది, వాళ్లు వేలు పెట్టి చదువుతారు. తండా పిల్లలు తమ భాషలో చెప్తారు, ఐదో తరగతి అక్క తెలుగులో చెప్తుంది, యాడి అన్న మాట యాడి గానే రాస్తాం, పక్కన అమ్మ అని రాస్తాం. ఏ తరగతికి ఎంత రాయాలన్నది కూడా ఎక్కడి నుంచో తెచ్చుకోలేదు. పిల్లలు రాసిన కాగితాలే నేల మీద పరుచుకుని, ఇది రెండో తరగతి చివరికి రావాలి, ఇది నాలుగుకి రావాలి అని ముగ్గురం వాదించుకుని పెట్టుకున్నాం. ప్రతి పిల్లకీ ఒక రాతల పుస్తకం, అది తరగతి మారినా వాళ్లతోనే పోతుంది. పుస్తకాలు మా డబ్బులతోనే కొన్నాం, దాని గురించి నేను ఎప్పుడూ అడగలేదు, ఇప్పుడూ అడగడం లేదు.

మొదట్లో మా టీచరమ్మ ఒకావిడ ఒప్పుకోలేదు. ఒకటి, రెండు తరగతులు ఆవిడవి. "అక్షరాలే రాని పిల్లలకి రచన ఏంది మేడం" అంది. ఆవిడ మాటలో న్యాయం లేదని నేను అనలేదు. మన లిపిలో గుణింతాలు, ఒత్తులు అంటే పిల్లలకి మాటలు కాదు. కానీ దసరా సెలవుల ముందు రెండో తరగతి పిల్లవాడు ఒకడు "మా అమ గుడు పెటింది" అని రాసుకొచ్చాడు. ఆవిడ ఆ పుస్తకం పట్టుకుని మా గదిలోకి పరిగెత్తుకొచ్చింది. మూడు మాటల్లో ఒత్తులు లేవు, కానీ వాడికి ఒత్తు ఎందుకు కావాలో ఇప్పుడు చెప్పొచ్చు కదా అంది. ఆ రోజు వాడికి ఒత్తులు నేర్పడానికి పట్టిన టైం, అంతకు ముందు మూడు నెలల్లో బోర్డు మీద నేర్పిన దానికన్నా తక్కువ.

ఇక 2024 జనవరికి వస్తాను. సంక్రాంతి సెలవులు అయ్యాక తనిఖీకి ఒకాయన వచ్చారు. ఎవరన్నది చెప్పను, నాకు ఆయన మీద కోపం లేదు. నాలుగో తరగతి పిల్ల ఒకామె రాతల పుస్తకం తీసుకున్నారు. ఆ పిల్ల రాసింది నాకు అక్షరం అక్షరం గుర్తుంది. "మా నాయిన బొంబై పోయిండు. సంకురాత్రికి వస్తనన్నడు. రాలే. మా అవ్వ ఫోన్ చేస్తే ఎత్తలే. నేను బర్రెకు నీళ్లు పెట్టిన. రాత్రి బస్సు సప్పుడయితే లేసి కూసుంట." ఆరు వాక్యాలు. జూన్‌లో ఇదే పిల్ల పళ్ళు తోముకుంటాను అని రాసిన బాపతు. నేను ఇరవై ఏళ్లకి పైగా పిల్లల పుస్తకాలు దిద్దుతున్నాను, ఒక పిల్ల తన లోపల ఉన్నదాన్ని ఇంత సూటిగా కాగితం మీద పెట్టడం చూడడం చాలా అరుదు. ఆయన ఎర్ర పెన్ను తీసి బొంబై చుట్టూ సున్నా, పోయిండు చుట్టూ సున్నా, సంకురాత్రి చుట్టూ సున్నా, అన్నడు, రాలే, సప్పుడు, కూసుంట, ఏడు సున్నాలు చుట్టారు. కింద "భాషా దోషాలు అధికం, రోజూ చూచిరాత చేయించవలెను" అని రాసి సంతకం పెట్టారు. విజిట్ బుక్‌లో టైంటేబుల్ ప్రకారం బోధన జరగడం లేదు అని రాశారు.

ఆ పిల్ల ఏడవలేదు. పుస్తకం మూసి సంచిలో పెట్టుకుంది. మర్నాడు నుంచి రెండు వారాలు రాతల టైంలో పాఠ్యపుస్తకం తెరిచి దాంట్లోంచి దించుకుంది. "ఏందమ్మా" అంటే "తప్పులు రావద్దని మేడం" అంది. తర్వాత ఒకరోజు "మా నాన్న గారు చాలా మంచివారు" అని రాసింది. తప్పులు లేవు. ఆ వాక్యంలో వాళ్ల నాయిన కూడా లేడు సార్.

నేను భాష ఎలా ఉన్నా పర్వాలేదు అనడం లేదు. పుస్తకం భాష పిల్లలకి రావాలి, రేపు పై చదువులకి, ఉద్యోగాలకి అదే కావాలి, అది నేర్పకపోతే మేం వాళ్లకి అన్యాయం చేసినట్టే. మా పద్ధతిలో దానికీ చోటు ఉంది. మూడో తరగతి చివర నుంచి పేజీకి మధ్యలో గీత గీసి ఒక పక్క ఇంటి మాట, ఇంకో పక్క పుస్తకం మాట రాయిస్తాం. పోయిండు, వెళ్లాడు. సప్పుడు, చప్పుడు. పిల్లలకి అదొక ఆటలా ఉండేది, తామే వెతికి తెచ్చేవాళ్లు. రెండూ తమవే అని వాళ్లకి తెలిస్తే రెండోది తొందరగా వస్తుంది, మొదటిది తప్పు అని చెప్తే రెండూ పోతాయి. ఏటా సెప్టెంబర్ 9న కాళోజీ గారి పుట్టినరోజుని తెలంగాణ భాషా దినోత్సవంగా జరపమని ఉత్తర్వు వస్తుంది, మేం జరుపుతాం, జనం పలికే భాషే భాష అని ఆయన జీవితమంతా కొట్లాడిన సంగతి పిల్లలకి చెప్తాం. ఆ పిల్లే ఆ రోజు స్టేజీ మీద మాట్లాడింది. నాలుగు నెలలకే ఆమె మాట చుట్టూ ఏడు సున్నాలు పడితే నేను ఆమెకి ఏం చెప్పాలి?

ఫిబ్రవరిలో మొదటి అర్జీ అందుకే రాశాను. అంతకు ముందు చుట్టుపక్కల బడుల టీచర్లందరి కాంప్లెక్స్ సమావేశానికి వచ్చిన అధికారి ఒకరు మా గోడపత్రికలు చూసి మెచ్చుకున్నారు. "మీరు చేసింది రాసి పంపండి మేడం, మండలమంతా పెడదాం" అన్నారు. అందరి ముందూ అన్నారు, చప్పట్లు కూడా కొట్టారు. నేను పది రాత్రులు కూర్చుని పద్నాలుగు పేజీలు రాశాను. ఏ తరగతిలో ఏం చేయాలి, కొత్త టీచర్ వస్తే మొదటి వారం ఏం చేయాలి, తప్పులు ఎలా దిద్దాలి, రెండు తరగతులు ఒకే గదిలో ఉంటే ఎలా నడపాలి, అన్నీ రాశాను. పిల్లల రాతలు ముప్పై జెరాక్స్ తీసి పెట్టాను. ఎదురుచూశాం. మార్చిలో మాకు వచ్చింది ఏంటంటే దస్తూరి పోటీ. చక్కటి చేతిరాతకి బహుమతులు. రాయడం గురించి అడిగితే దస్తూరి గురించి జవాబు వచ్చిందని మేం ముగ్గురం ఆ సర్క్యులర్ చూస్తూ కూర్చుండిపోయాం. దస్తూరి బాగుండాలి, కాదనను. కానీ రాత అంటే దస్తూరి కాదండీ. రాత అంటే ఆ పిల్ల రాత్రి బస్సు సప్పుడు వినడం.

ఆ తర్వాత 2024 బదిలీలు, ప్రమోషన్లు. మా హెడ్మాస్టర్ సార్ వెళ్లిపోయారు, ఒకటో తరగతి టీచరమ్మ వెళ్లిపోయింది. ఎన్నో ఏళ్లుగా ఎదురుచూసిన బదిలీలు, వాళ్లకి దక్కాల్సిందే, నేను సంతోషించాను. కానీ అక్టోబర్‌లో కొత్త డీఎస్సీ వాళ్లు వచ్చేదాకా నేనూ, డిప్యుటేషన్ మీద వచ్చిపోయే ఒకరూ, ఐదు తరగతులు. అన్నం తర్వాత ఇరవై ఐదు నిమిషాలు వారానికి రెండు రోజులైంది, తర్వాత ఒకరోజు అయింది. కొత్తగా వచ్చిన అబ్బాయి మంచివాడు, ఉత్సాహం ఉన్నవాడు, "మేడం, ఇది ఆర్డర్‌లో ఉందా?" అని అడిగాడు. లేదు అని చెప్పాల్సి వచ్చింది. విజిట్ బుక్‌లో రాసింది చూశాడు. ప్రొబేషన్‌లో ఉన్న పిల్లాడు, అతన్ని నేను ఏమని బలవంతపెట్టను? ఆర్డర్‌లో లేనిది బడిలో నిలవదు సార్, ఎంత మంచిదైనా నిలవదు. మనుషులు మారగానే పోతుంది. అందుకే బదిలీలయ్యాక ఆగస్టులో రెండోసారి, ఇదంతా చూశాక జనవరిలో మూడోసారి రాశాను.

ట్రైనింగ్ గురించి కూడా ఒక మాట. రాష్ట్రం నుంచి జిల్లాకి, జిల్లా నుంచి మండలానికి, మండలం నుంచి మాకు వచ్చేసరికి మిగిలేది స్లైడులు. పాపం మా క్లస్టర్ రిసోర్స్ పర్సన్, సీఆర్పీ సార్ చదువుతుంటే మేం రాసుకుంటాం, అది కూడా చూచిరాతే. ఒక్క ట్రైనింగ్‌లో కూడా ఒక పిల్లవాడి నిజమైన నోటు పుస్తకం బల్ల మీద పెట్టి "దీన్ని చూశాక రేపు మీరు వీడికి ఏం చెప్తారు?" అని ఎవరూ అడగలేదు. అదొక్కటి చేస్తే చాలు, ముప్పై స్లైడుల పని అయిపోతుంది. దాని మీద 2022-23 నుంచి ఇంగ్లిష్ మీడియం వచ్చింది. ద్విభాషా పుస్తకాలు ఇచ్చారు, మంచిదే. కానీ తెలుగులో సొంతంగా వాక్యం రాయని పిల్ల ఈవీఎస్ (పరిసరాల విజ్ఞానం) జవాబు ఇంగ్లిష్‌లో ఎలా రాస్తుంది? దించుకుంటుంది. అర్థం కాని అక్షరాలు బొమ్మల్లా దించుకుంటుంది. ఒక భాషలో తన మాట రాయడం వచ్చినవాళ్లకి రెండో భాషలో ఎక్కడ మొదలుపెట్టాలో తెలుస్తుంది. మా బడిలో ఆ ఒక్క ఏడాదిలో నేను కళ్లారా చూశాను. గోడపత్రికకి రోజూ రాసిన పిల్లలే ఇంగ్లిష్‌లో రెండు వాక్యాలు రాయడానికి ముందుకొచ్చారు, తప్పులతోనే, కానీ ముందుకొచ్చారు.

మేం తయారు చేసుకున్నదే రాష్ట్రమంతా పెట్టమని నేను అడగడం లేదు. మా ఊరికి సరిపోయింది ఇంకో ఊరికి సరిపోకపోవచ్చు. ఆదిలాబాద్ గూడెంలో ఇంకోలా ఉండాలి, హైదరాబాద్ బస్తీ బడిలో ఇంకోలా ఉండాలి. ఏ బడికి ఆ బడి టీచర్లు కూర్చుని, తమ పిల్లల కాగితాలు నేల మీద పరుచుకుని, ఒక పద్ధతి ఎంచుకోనివ్వండి. ఎంచుకున్నాక అది బడి మొత్తానికీ ఒకటే ఉండాలి, బదిలీ మీద వచ్చినవాళ్లూ దాన్నే నడపాలి అని ఉత్తర్వు ఇవ్వండి. కనీసం మూడేళ్లు దాని జోలికి ఎవరూ రాకుండా చూడండి. రోజూ ఇరవై ఐదు నిమిషాలు టైంటేబుల్‌లో రాయడానికి అని పెట్టండి. తనిఖీకి వచ్చేవాళ్లు పిల్లల పుస్తకం మీద పెన్ను పెట్టొద్దని చెప్పండి, ఏమైనా చెప్పాలనిపిస్తే మాతో చెప్పమనండి. ఈ చివరిది చాలా చిన్నది, దీనికి బడ్జెట్ అక్కర్లేదు, కమిటీ అక్కర్లేదు. మిగతావి ఆలస్యమైనా ఇదొక్కటి రేపే చేయండి సార్, చేతులెత్తి అడుగుతున్నాను.

ఆ పిల్ల ఇప్పుడు మా బడిలో లేదు, ఐదు అయిపోయి హైస్కూల్‌కి పోయింది. పోయేటప్పుడు రాతల పుస్తకం తీసుకుపోమ్మా, ఇది నీదే అంటే, "మీ దగ్గరే ఉండనీ మేడం" అంది. నా బీరువాలో ఉంది. వాళ్ల నాయిన ఆ ఏడాది ఉగాదికి వచ్చాడు, ఆ సంగతి ఆమె నాకు నోటితో చెప్పింది, రాయలేదు. ఆ ఏడు సున్నాల పేజీ ఫొటో ఈ ఉత్తరంతో పెట్టాలనుకున్నాను, కానీ ఆమెని అడగకుండా పెట్టడం సరి కాదని ఆగాను. మీరు మా బడికి వస్తే చూపిస్తాను. వచ్చే జూన్ 12న బడి తెరుస్తాం, ఒకటో తరగతిలో కొత్త పిల్లలు వస్తారు. వాళ్ల పుస్తకాలు ఇప్పుడే కొని పెట్టాను.

ఇట్లు,
ఒక ఎస్జీటీ